పదహారు బిందెల టైంటేబుల్

ఆ రోజుల్లో నేను జాబితా రాసుకోకుండా పక్క ఊరికి కూడా పోయేవాణ్ణి కాదు. నాలుగేళ్ళు బీటెక్ మెకానికల్ చదివినందుకు నాకు మిగిలింది ఆ ఒక్క అలవాటే (పట్టా కూడా మిగిలింది గానీ దాన్ని వాడే అవకాశం అప్పటికింకా రాలేదు). కాబట్టి ఈ సంగతి కూడా జాబితాతోనే మొదలుపెడతాను. డిసెంబరు ఆఖరి ఆదివారం పొద్దున, కర్నూలు పాతబస్తీలో మేం అద్దెకుండే మేడమీది రెండు గదుల్లో ముందుగదిలో ఉన్నవాళ్ళు: అమ్మ, నాయన, అవ్వ, మా చెల్లెలు, నేను. ఉన్న వస్తువులు: కాలేజీలో మిగిలిపోయిన పెద్ద డ్రాయింగ్ షీటు ఒకటి, టీ-స్క్వేర్ ఒకటి, స్కెచ్ పెన్నులు ఆరు (ఆకుపచ్చది సగం ఎండిపోయింది), నాయన విత్తనాల అంగడికి కంపెనీవాళ్ళు ఇచ్చిన క్యాలెండరు, అవ్వ పంచాంగం, పళ్ళెంలో ఉగ్గాని, బజ్జీలు పదకొండు. గోడవారగా పదహారు స్టీలు బిందెలు కూడా ఉన్నాయి. వాటిని ఆ రోజు నేను లెక్కలోకి తీసుకోలేదు. నా తప్పు అక్కడే మొదలైంది.

మా చెల్లెల్ని ఇంట్లో అందరం పాప అంటాం. పాపకు పళ్ళ డాక్టరు కావాలని కోరిక. అందరూ ఎంబీబీఎస్, ఎంబీబీఎస్ అని కలవరిస్తుంటే తనొక్కతి చిన్నప్పటినుంచీ పళ్ళ దగ్గరే ఆగిపోయింది. దానికి కారణం అవ్వ. అప్పటికి అవ్వకు మిగిలిన పళ్ళు ఏడు. పైన రెండు, కింద ఐదు, అవి కూడా ఒకదానికొకటి ఎదురుపడవు. కట్టుడు పళ్ళు పెట్టించుకోమ్మా అని నాయన ఎన్నిసార్లు చెప్పినా, "నా పండ్లు నా మనవరాలే కట్టాల. అందాకా గంజి తాగుతా" అని భీష్మించుకుని కూర్చుంది. అట్లా మనవరాలి చదువు మీద ఆవిడ నోరు కూడా ఆధారపడి ఉండేది. నీట్ పరీక్ష పాప ఇంటర్‌తో పాటు ఒకసారి రాసింది, లాంగ్‌టర్మ్ కోచింగ్‌లో ఉండి రెండోసారి రాసింది. రెండుసార్లూ సీటు రాలేదు. మూడోసారి ఇంట్లోనే చదువుకుంటాను, నెలకొకసారి కోచింగ్ సెంటరుకు పోయి పెద్ద పరీక్ష రాసి వస్తాను అంది. నాయన కాసేపు మీసం సవరించుకుని షరతు పెట్టాడు.

"ఇది మూడోసారి పాపా. నేను కాదనను. ఫిబ్రవరిలో పెట్టే పెద్ద పరీక్షలో ఏడొందల ఇరవైకి నాలుగొందలు రావాల. రాకుంటే కోడుమూరులో ఆ ఇంగ్లీషు మీడియం స్కూలుండాది కదా, దాన్ని నడిపే ఆయప్పతో మాట్లాడి పెట్టినా. చిన్నపిల్లోళ్ళకు చదువు చెప్పుకుంటా ప్రైవేటుగా డిగ్రీ కట్టుకో. సరేనా?"

పాప సరేనంది. అంత తొందరగా సరేనన్నందుకు నాకే భయం వేసింది. ఎందుకంటే అట్లాంటి పరీక్షలు ఇంట్లో గడియారం పెట్టుకుని రాసినప్పుడు తనకు మూడు వందల డెబ్బై దాటడం లేదు. ఆ ముప్పై మార్కులు ఎట్లా తేవాలి? నాకు తోచిన జవాబు ఒక్కటే, టైంటేబుల్. కంపెనీ నుంచి పిలుపు రాక ఇంట్లో ఖాళీగా ఉన్న ఇంజనీరుకు అంతకంటే ఏం తోస్తుంది?

మొదటి లెక్క ప్రకారం పాప రోజుకు పద్నాలుగు గంటలు చదవాలి. ఫిజిక్సు ఎరుపు, కెమిస్ట్రీ నీలం, బోటనీ ఆకుపచ్చ, జువాలజీ నారింజ. తిండికి పసుపు, నిద్రకు నలుపు. గడులన్నీ టీ-స్క్వేర్‌తో గీశాను, ఒక్క గీత కూడా వంకర పోలేదు. ఆ తరువాత పొరపాటున, ఎవరికైనా ఇబ్బందులుంటే చెప్పండి అన్నాను.

"రాహుకాలంలో కొత్త పాఠం ఎత్తుకోకూడదు నాయనా," అంది అవ్వ పంచాంగం తెరుస్తూ.

"రోజుకు గంటన్నర పోతుందవ్వా!"

"పాత పాఠం చదువుకోమను. నేనేమన్నా వద్దంటాండానా?"

మనసులో ఒప్పుకున్నాను, అది న్యాయంగానే ఉంది. వారంలో ఏడు రోజులకూ ఏడు రాహుకాలాలు పంచాంగంలోంచి దించి, ఆ గడుల్లో 'పునశ్చరణ' అని రాశాను. నాయన రాత్రి భోజనం ముందు వార్తలు చూడాలన్నాడు. ఉన్నది రెండు గదులు, టీవీ ఒకదాంట్లో. ఆ అరగంట పాపకు పసుపు రంగు పడింది. అమ్మ మాత్రం ఏమీ అడగకుండా బజ్జీలు లెక్కపెడుతూ కూర్చుని, చివర్లో అంది:

"అంతా బాగుండాది గానీ, నీళ్ళు యెవురు పట్టల్ల?"

మా వీధిలో కొళాయి నీళ్ళు రోజు విడిచి రోజు, పొద్దున ఏడున్నరకు వచ్చేవి. గంటసేపు ఉండేవి. కింద వీధి మొదట్లో కొళాయి, మేం మేడమీద, మధ్యలో ఇరవై రెండు మెట్లు. అమ్మ ఆ తరువాత అంగన్‌వాడీ పనికి పోవాలి కాబట్టి బిందె కొళాయి కింద పెట్టి పట్టడం అమ్మ పని, మెట్లెక్కించడం పాప పని. చాలా ఏళ్ళుగా అట్లాగే జరుగుతోంది. నేను నీళ్ళు మోయాలన్న ఆలోచన ఆ ఇంట్లో ఎవరికీ రాలేదు, ముఖ్యంగా నాకు. నేను చేసిందల్లా, చదివే పిల్లకు శరీరశ్రమ అవసరమని యెక్కడో చదివినట్టు గుర్తుచేసుకుని, రోజు విడిచి రోజు ముప్పావుగంట గడిలో అందమైన అక్షరాలతో 'వ్యాయామం (నీళ్ళు)' అని రాయడం.

పాప ఆ గడి చూసి, నన్ను చూసి, "మోతకు వ్యాయామమని పేరు పెట్నావా? శానా బాగుండాదన్నా" అంది. పొగడ్త అనుకున్నాను.

ఇక నా తెలివి సంగతి. నీళ్ళు రోజు విడిచి రోజు వస్తాయి, జనవరి ఒకటిన వస్తాయి. అంటే ఒకటి, మూడు, ఐదు. అన్నీ బేసి తేదీలు. కాబట్టి మే నెల దాకా ప్రతి బేసి తేదీకీ ఒక చుక్కబొట్టు పెట్టేస్తే సరిపోతుందని, నాలుగు నెలల నీళ్ళ తేదీలు పది నిమిషాల్లో గుర్తుపెట్టేశాను. కింద కుడివైపు మూల, ఇంజనీరింగ్ డ్రాయింగులో వేసినట్టే చిన్న పెట్టె గీశాను. గీసినవారు: నేను. సరిచూసినవారు: నేను. ఆమోదించినవారు: నేను. నాలుగు మేకులతో గోడకు కొట్టాం. అమ్మ దాన్ని దూరంగా నిలబడి చూసి, పెళ్ళిపందిరి లాగుందంది.

జనవరి నెలంతా చార్టు బ్రహ్మాండంగా నడిచింది. బేసి తేదీ వచ్చేది, నీళ్ళు వచ్చేవి. నీళ్ళు నా చార్టు చూసి వస్తున్నాయా అన్నంత గర్వంగా ఉండేది నాకు. అమ్మ కూడా క్యాలెండరు చూడటం మానేసి చార్టు చూడటం మొదలుపెట్టింది. అంతవరకూ నీళ్ళ దినాలు గుర్తుంచుకునేది కింది వాటాలో ఉండే ఖాలా (ఉర్దూలో పిన్ని అని, వీధంతా అట్లాగే పిలిచేది). బట్టలు కుట్టే ఆవిడ. గుడ్డమీద గీతలు గీసే సుద్దముక్కతోనే తలుపు పక్కన గోడమీద, నీళ్ళొచ్చిన రోజు నిలువు గీత, రాని రోజు సున్నా పెట్టేది. ఒకసారి ఆమెకు నా చార్టు గురించి గొప్పగా చెబితే, "మాషా అల్లా, బేటా! నా గోడ చూడు, ఐదేండ్ల నుంచి నడుస్తాండాది" అని నవ్వింది. ఆ గీతల్ని చూసి నేను లోపల జాలిపడ్డాను కూడా.

జనవరికి ముప్పై ఒక్క రోజులు. ఈ విషయం నాకు తెలియదని కాదు. ముప్పై ఒకటిన నీళ్ళు వచ్చాయి. మరుసటి రోజు ఫిబ్రవరి ఒకటి, అది కూడా బేసి తేదీ, చార్టులో చుక్కబొట్టు ఉంది. మా అమ్మకు ఒక పద్ధతి ఉండేది. నీళ్ళొచ్చే రోజు పొద్దున పాత నీళ్ళన్నీ చెట్లకూ గడపకూ పోసేసి, బిందెలు పదహారూ చింతపండుతో తళతళా తోమి, బోర్లించి పెట్టేది. నిన్నటి నీళ్ళమీద కొత్త నీళ్ళు పట్టడం ఆవిడ దృష్టిలో మైల. ఆ పొద్దున ఏడింటికల్లా మా ఇంట్లో పదహారు బిందెలూ అద్దాల్లా మెరుస్తున్నాయి. ఒక్క చుక్క నీరు లేదు.

అమ్మ, పాప బిందెలు తీసుకుని కిందికి దిగారు. వీధిలో ఇంకెవరూ లేరు. అదే మాకు అనుమానం రావలసిన చోటు. నేను మేడమీది నుంచి, "ఇవాళ మనమే ఫస్టు!" అని కేకేశాను. ఖాలా తలుపు తీసి చూసింది.

"ఏమప్పా ఇంజనీరూ, నిన్న వచ్చినాయి కదా. మళ్ళా ఇయ్యాల యాడొస్తాయి?"

"ఇవాళ ఒకటో తేదీ కదా ఖాలా, బేసి!"

"నీళ్ళకు తారీఖు తెలుస్తాదా బేటా? నిన్న వస్తే ఇయ్యాల రావు. రేపొస్తాయి." మా బిందెల వైపు చూసి, గుండెమీద చెయ్యి వేసుకుంది. "అయ్యో, అన్నీ ఖాలీ చేసినారా?"

అమ్మ తల పైకెత్తి నన్ను చూసింది. నేను లోపలికి పోయి చార్టు ముందు నిలబడి ఐదు నిమిషాలు లెక్క వేశాను. అప్పటికీ నాకు పూర్తిగా ఎక్కలేదు. నీళ్ళు వదిలే ఆయన ఈ రోజు ఆలస్యం చేస్తున్నాడేమో, లేకపోతే ఇక మూడో తేదీకే వస్తాయి అని తేల్చాను. చార్టులో రెండో తేదీకి చుక్క లేదు మరి. ఖాలా సుద్దగీతల కంటే టీ-స్క్వేర్ మీద నాకు నమ్మకం ఎక్కువ. ఆ రోజు ఖాలా ఇచ్చిన రెండు బిందెలతో గడిపాం.

రెండో తేదీ శనివారం. పాప పెద్ద పరీక్ష అదే రోజు, తొమ్మిదింటికి. నాయన తొలి బస్సుకే కోడుమూరులోని తన అంగడికి పోయాడు. అమ్మకు మండలంలో మీటింగు, ఆమె కూడా ఏడుకే బయల్దేరింది. నేను చెల్లెలికి అండగా నిలవాలనుకుని, ఎదురింటివాళ్ళ సైకిలు అడిగి తీసుకుని, రెండు పెద్ద క్యాన్లు కట్టుకుని నీళ్ళ ప్లాంటుకు పోయాను. అక్కడ నాకంటే ముందు ఇరవై ముగ్గురు ఉన్నారు (అందరూ నాలాగే చార్టులు గీసుకున్నారేమో అనిపించింది). ఎనిమిదింటికి రావలసిన నేను, రెండు క్యాన్లతో, విజయగర్వంతో, తొమ్మిదింబావుకు మా వీధి మలుపు తిరిగాను.

వీధంతా తడి. కొళాయి ఎప్పుడో ఆగిపోయి చుక్కలు కారుతోంది. ఖాలా అరుగుమీద కూర్చుని ఉంది.

"యాడికి పోయినావప్పా? ఏడున్నరకే వచ్చినాయి నీళ్ళు. పాప ఒక్కతే పదహారు బిందెలు మోసింది. నేను నావి పక్కన పెట్టి మీవే పట్టించినా. ఇద్దరం ఆడోళ్ళం ఎంతని చేస్తాం? మళ్ళా గుడ్డలు మార్చుకోని, ఇదో, ఇప్పుడే ఆటో ఎక్కింది."

మేడమీద అవ్వ మెట్ల దగ్గరే నిలబడి ఉంది, చేతిలో పంచాంగంతో. "శనివారం తొమ్మిదికి రాహుకాలం. అంతకు ముందే పోయి పెన్ను మూత తీసి పెట్టుకోమన్నా. అదే గడియలో గడప దాటింది నా తల్లి" అని కళ్ళు ఒత్తుకుంది. నేను రెండు క్యాన్లూ దించి, నిండుగా ఉన్న పదహారు బిందెల పక్కన పెట్టాను. జీవితంలో అంత అనవసరమైన నీళ్ళు నేనెప్పుడూ తేలేదు.

పాప మధ్యాహ్నం వచ్చింది. అరగంట ఆలస్యంగా పోయిందట, కూర్చోనిచ్చారు గానీ అదనపు సమయం ఇవ్వలేదు. బిందెలు మోసిన చేతులు పట్టేసి, జవాబు పత్రంలో గడులు నింపడానికే రెట్టింపు సేపు పట్టిందట. ఏడవలేదు. తిట్టను కూడా లేదు. అన్నం తిని, చెయ్యి కడుక్కుని, చార్టు ముందు నిలబడి దాన్ని మొదటినుంచి చివరిదాకా చదివింది. నెల రోజుల్లో తను దాన్ని అంత శ్రద్ధగా చదవడం అదే మొదటిసారి.

"అన్నా, ఒక మాట అడుగుతా, యేమనుకోవు కదా?"

"అడుగు."

"దీంట్లో అవ్వ రాహుకాలం ఉండాది. నాయన వార్తలుండాయి. అమ్మ బిందెలుండాయి. నేనైతే యాడ చూసినా ఉండా. నువ్వు యాడుండావు?"

నేను చార్టంతా వెతికాను. ఉన్నాను, కింద కుడివైపు మూల, చిన్న పెట్టెలో, మూడుసార్లు.

మూడు రోజులకు మార్కులు వచ్చాయి. మూడు వందల ముప్పై ఎనిమిది. ఆ సాయంత్రం నాయన చొక్కా కూడా విప్పకుండా కుర్చీలో కూర్చుని కాగితం రెండుసార్లు చూశాడు. "సరే. సోమవారం ఆయప్ప దగ్గరికి పోదాం పాపా" అన్నాడు మెల్లగా. పాప తలకాయ ఊపింది. అవ్వ గంజి గ్లాసు పక్కన పెట్టేసింది. నాకు చెమట పట్టింది. బీటెక్ వైవాలో కూడా నాకు అంత చెమట పట్టలేదు.

"నాయనా, ఆ మార్కులు పాపవి కాదు, నావి," అన్నాను.

నాయన అర్థం కానట్టు చూశాడు. చార్టు దగ్గరికి తీసుకుపోయి, ముప్పై ఒకటీ ఒకటీ పక్కపక్కన బేసి తేదీలు ఎట్లా అవుతాయో, నేను దాన్ని ఎట్లా మరిచిపోయానో, బిందెలు ఎట్లా ఖాళీ అయ్యాయో, క్యాన్లతో నేనెక్కడున్నానో వరుసగా చెప్పాను. మొత్తం ఏడు అంశాలు. నాయన ఏడూ విన్నాడు.

"నాలుగేండ్లు చదివినావు కదరా," అన్నాడు చివరికి. "నెలకు ఎన్ని రోజులో చెప్పలేదా ఆడ?"

లోపలి గదిలోంచి అమ్మ నవ్వు వినిపించింది. ఆ నవ్వే మమ్మల్ని కాపాడిందని ఇప్పటికీ అనుకుంటాను. నాయన మళ్ళీ పరీక్ష ఎప్పుడని అడిగాడు. మార్చి రెండు అని చెప్పింది పాప. నేను ఈసారి వేళ్ళమీద లెక్కపెట్టి, కిందికి పోయి ఖాలా గోడ కూడా చూసి వచ్చాను. మార్చి రెండు నీళ్ళ రోజే.

"ఆ రోజు నీళ్ళు నేను పడతా. ఆ రోజే కాదు, పరీక్ష అయ్యేదాకా నేనే పడతా," అన్నాను. నిజానికి అప్పటికే ఒక విడత పట్టి ఉన్నాను, నాలుగో తేదీన, ఎవరూ చూడకూడదనుకుంటూ. వీధంతా చూసింది.

"మార్చి దాకా చూద్దాం," అన్నాడు నాయన, చొక్కా విప్పుతూ.

చార్టు గోడమీంచి దిగింది. దాని వెనక వైపు అమ్మ వడియాలు పెట్టింది. రంగు దిగి కొన్ని వడియాలకు ఆకుపచ్చ మరక పడింది. వేయించినా పోలేదు. ఆ యేడాది మేం బోటనీ కొంచెం తిన్నాం. కొత్త టైంటేబుల్ పాప రాసింది, నోటుబుక్కు చివరి పేజీలో, పెన్సిలుతో, ఒక్క వాక్యం: 'నీళ్ళు అన్న.' తక్కిన సమయం ఎట్లా చదవాలో తనకు ముందే తెలుసట. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదట.

బిందె మోయడం గురించి ఇంజనీరింగులో నాకెవరూ చెప్పలేదు. మొదటి వారం నడుమూ, భుజమూ, పరువూ మూడూ నొప్పి పుట్టాయి. కొళాయి దగ్గర ఆడవాళ్ళు "ఏమప్పా, కంపెనీ ఇదేనా? జీతమెంత?" అని ఆటపట్టించేవాళ్ళు. ఖాలా ఒక పాత చున్నీని చుట్టగా చుట్టి, భుజంమీద పెట్టుకోమని ఇచ్చింది. పాప పుస్తకం పట్టుకుని పై మెట్టుమీద కూర్చునేది. నేను ఎక్కివచ్చినప్పుడల్లా తను రాసిచ్చిన కాగితంలోంచి ప్రశ్న ఒకటి అడగాలి, నేను దిగే లోపల తను జవాబు చెప్పాలి. అట్లా రోజుకు పదహారు ప్రశ్నలు. మనిషి పళ్ళ సూత్రం రెండు, ఒకటి, రెండు, మూడు అని నాకు ఇప్పటికీ ఆ మెట్లమీద పాదాల తడితో సహా గుర్తుంది. మార్చి రెండున తను ఎనిమిదింటికే బయల్దేరింది, పొడి బట్టలతో. నాలుగు వందల పన్నెండు వచ్చాయి. నాయన కోడుమూరు స్కూలు మాట మళ్ళీ ఎత్తలేదు.

మే మొదటివారంలో అసలు పరీక్ష రాసింది. తరువాత కడప పళ్ళ కాలేజీలో సీటు వచ్చింది. అదే నెలలో నాకూ కంపెనీ నుంచి పిలుపు వచ్చింది గానీ, ఇంట్లో ఆ వార్తకు చిల్లర విలువ కూడా దక్కలేదు. పాప హౌస్ సర్జన్‌గా ఉన్నప్పుడు అవ్వను కడపకు పిలిపించుకుని పళ్ళు కట్టింది. అవ్వ వాటిని ఊరందరికీ చూపిస్తుంది, తినేటప్పుడు మాత్రం తీసి గ్లాసులో వేస్తుంది. "శానా విలువైనవి, అరిగిపోతే?" అంటుంది.

మొన్న నాకు కింది దవడలో పన్ను నొప్పి పుట్టి కడపకు పోయాను. పాప నన్ను కుర్చీలో పడుకోబెట్టి, లైటు వేసి, నోట్లోకి చూస్తూ "ఇంత పుప్పి పట్టేదాకా యేం చేస్తాండావన్నా, చార్టు గీస్తాండావా?" అంది. నోరు తెరిచి ఉన్న మనిషి జవాబు చెప్పలేడని తనకు తెలుసు. పక్కన చిన్న గ్లాసు పెట్టి మీట నొక్కింది. గ్లాసు దానంతటదే నిండి, అంచు దాకా వచ్చి ఆగిపోయింది. ఎవరూ మోయలేదు. నేను దాన్నే చూస్తుండిపోయాను. పాప కూడా చూసింది. మాస్కు వెనక నవ్విందని కళ్ళను బట్టి తెలిసింది. చున్నీ చుట్ట పెట్టుకుని, ఇరవై రెండు మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కే ఆ ఇరవై రెండేళ్ళ కుర్రాడు నాకు కాసేపు కనిపించాడు. వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది. వాడు గీసిన వాటిల్లో పనికొచ్చింది ఏదీ లేదు. మోసినవి పనికొచ్చాయి.

లెక్క మాత్రం అప్పుడే రాసి పెట్టుకున్నాను. ఫిబ్రవరి నాలుగు నుంచి పరీక్ష దాకా నీళ్ళ రోజులు నలభై ఐదు, రోజుకు బిందెలు పదహారు, మొత్తం ఏడు వందల ఇరవై. అందులో ఒక రోజు పైపు పగిలి నీళ్ళు రాలేదు, పదహారు పోయాయి. ఒక బిందె పంతొమ్మిదో మెట్టు మీద చేయి జారి కింద దాకా దొర్లింది. నీట్‌లో పాపకు వచ్చినవి ఏడు వందల ఇరవైకి నాలుగు వందల నలభై ఏడు. నావి ఏడు వందల మూడు.